తమ్ముడి పెన్షన్ ఆగింది, నోటీసు కూడా వచ్చింది, ముందు ఏం చూసుకోవాలి?

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఉంటారు, తమ్ముడికి 22 ఏళ్ళు, బుద్ధిమాంద్యం, అప్పుడప్పుడు ఫిట్స్. దివ్యాంగుల పెన్షన్ 6,000 వచ్చేది, రెండు నెలలుగా వేలిముద్ర పడక రాలేదు. ఈలోగా సదరం (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే పరీక్ష) రీవెరిఫికేషన్‌కి రమ్మని నోటీసు వచ్చింది. పక్క వీధిలో ఒకాయన 20,000 ఇస్తే 15,000 పెన్షన్‌లోకి మార్పిస్తానంటున్నాడు. అమ్మకి బీపీ, షుగరు, ఆవిడ తర్వాత వాడి డబ్బు ఎవరు చూస్తారని మీకు దిగులు. ఒక్కొక్కటీ చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా సంగతి ఒక్క ముక్కలో. గుంటూరు నగరంపాలెంలో చిన్న జిరాక్స్ షాపు నాది. ఎడమ కాలికి పోలియో, క్యాలిపర్ (కాలికి ఊతంగా కట్టే చట్రం) వేసుకుని నడుస్తాను. పెన్షన్ 500 ఉన్న రోజుల నుంచి తీసుకుంటున్నాను. 2014 అక్టోబరులో శాతాన్ని బట్టి 1,000, 1,500 చేశారు, తర్వాత 3,000 అయింది, 2024లో 6,000 అయింది. షాపుకొచ్చేవాళ్ళకి అర్జీలు రాసిపెట్టడం వల్ల నా పెన్షన్ కంటే పక్కవాళ్ళ పెన్షన్ కష్టాలే ఎక్కువ చూశాను. చూసినంతలో, నూటికి తొంభై మందికి డబ్బు ఆగేది ఒకటో తారీఖున కాదు. ఎప్పుడో ఆరేళ్ళ కింద ఒక కాగితంలో పడిన తప్పు ఈ ఒకటో తారీఖున బయటపడుతుంది, అంతే.

ముందు రెండు నెలల డబ్బు గురించి టెన్షన్ వదిలేయండి. పోలేదు. 2024 డిసెంబరు నుంచి పద్ధతి మారింది, వరసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మూడింటివీ కలిపి ఇస్తారు, అంటే మీకు 18,000 రావాలి. కానీ మూడో నెల దాటనివ్వకండి, అది కూడా తప్పితే పేరు పక్కన పెట్టేస్తారు, మళ్ళీ తెరిపించడానికి తిరగాలి. అందుకే నోటీసు కంటే ముందు వేలిముద్ర సంగతే చూసుకోండి.

వేలిముద్ర ఎందుకు పడటం లేదో నేను చెప్పగలననుకుంటున్నాను. మీ తమ్ముడికి ఆధార్ తీసినప్పుడు ఏడెనిమిదేళ్ళు ఉండి ఉంటాయి, మనవైపు ఆధార్ మొదలైన కాలం లెక్కేస్తే అంతే. పదిహేనేళ్ళు నిండాక వేలిముద్రలు, కనుపాప మళ్ళీ ఇవ్వాలి, అది తప్పనిసరి. స్కూలుకి వెళ్ళే పిల్లలకి అక్కడ టీచర్లు గుర్తుచేస్తారు, వీడు స్కూలు మానేశాడు కాబట్టి ఎవరూ చెప్పి ఉండరు. ఇన్నాళ్ళూ మిషను ఎలాగోలా ఒప్పుకుంది, ఇప్పుడు వేళ్ళు పెద్దవై ఒప్పుకోవడం లేదు. ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి. నంబరు మారదు, పెన్షన్‌కి ఏ ఇబ్బందీ రాదు. పొద్దున్నే రద్దీ లేనప్పుడు వెళ్ళండి, వాడికి జనం, గోల పడకపోవచ్చు కదా. అప్‌డేట్ అయిందని మెసేజ్ రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ స్లిప్పు పారేయకండి.

ఈలోపు ఒకటో తారీఖు వచ్చేస్తే, వార్డు సచివాలయం నుంచి పెన్షన్ ఇవ్వడానికి వచ్చే ఉద్యోగికి వేలు పడటం లేదని ముందే చెప్పి, కనుపాపతోనో ముఖం ఫోటోతోనో ప్రయత్నించమనండి. ఆ సదుపాయాలు వాళ్ళ ఫోన్లోనే ఉన్నాయి. పొద్దున్నే హడావిడిగా తిరుగుతుంటారు పాపం, ఒక వేలు రెండుసార్లు పడకపోతే తర్వాత వస్తామని వెళ్ళిపోతారు. నేనైతే వాళ్ళని తిట్టను. కానీ "తర్వాత" అన్నమాటకి ఒప్పుకోకుండా అక్కడికక్కడ ఎన్ని దారులున్నాయో అన్నీ చూడమని మెత్తగా అడగాలి. ఒకటో తారీఖు సెలవైతే ముందు రోజే ఇస్తారని గుర్తుంచుకోండి, చాలామంది ఇంట్లో లేక తప్పిపోతారు. డబ్బు చేతికిచ్చాక వాళ్ళ ముందే లెక్కపెట్టుకోండి. కొన్నేళ్ళ కింద మా వీధిలో పెన్షన్ ఇచ్చే ఒకతను నెలనెలా నా దగ్గర టీ ఖర్చులని 100 తీసుకునేవాడు, నేనూ మొహమాటానికి ఇచ్చాను. ఏడాదికి 1,200 అని లెక్క కట్టుకున్నాక సిగ్గనిపించింది. మీరు అలా ఇవ్వకండి, అడిగితే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేయొచ్చు.

ఇప్పుడు నోటీసు. ఇది మీ ఒక్కరికే వచ్చింది కాదు, భయపడకండి. 2025 జనవరిలో ఈ తనిఖీలు మొదలయ్యాయి. ముందు 15,000 తీసుకునేవాళ్ళ ఇళ్ళకి డాక్టర్లు వెళ్ళారు, తర్వాత 6,000 వాళ్ళని ఆసుపత్రులకి పిలిచారు. ఆగస్టులో 40 శాతం కంటే తక్కువ వచ్చినవాళ్ళకి రద్దు నోటీసులు వెళ్ళాయి, పెద్ద గొడవైంది, అప్పీలుకి అవకాశమిచ్చి డబ్బు కొనసాగించారు. నా అభిప్రాయం అడిగితే, తనిఖీ పెట్టడం తప్పు కాదు. చెవులు బాగా వినపడేవాడు చెవిటి సర్టిఫికెట్‌తో నాకంటే ముందు లైన్లో నిలబడటం నేను కళ్ళారా చూశాను. కాకపోతే దొంగ సర్టిఫికెట్లు కొన్నవాళ్ళతో పాటు, మంచంలోంచి లేవలేనివాళ్ళని కూడా ఆటోల్లో ఈడ్చుకు రప్పించారు. ఆ కోపం నాకింకా ఉంది.

మీ తమ్ముడి విషయంలో అసలు ప్రమాదం డాక్టర్ల దగ్గర లేదు, మీ ఇంట్లో ఉంది. ఏమీ అనుకోకండి. బుద్ధిమాంద్యానికి శాతం వేసేటప్పుడు ఐక్యూ పరీక్షతో పాటు, రోజువారీ పనులు తనంతట తాను ఎంతవరకు చేసుకుంటాడో ఇంట్లోవాళ్ళని అడిగి మార్కులు వేస్తారు. స్నానం, బొత్తాలు పెట్టుకోవడం, రోడ్డు దాటడం, చిల్లర లెక్క, ఇలాంటివి. అక్కడ అమ్మలు ఏం చెప్తారో తెలుసా, "మావాడు అన్నీ చేసుకుంటాడండీ, బంగారం" అంటారు. ఎదుటివాళ్ళ ముందు బిడ్డని తక్కువ చేసి చెప్పడానికి ఏ తల్లికి నోరొస్తుంది? నీళ్ళు తోడిపెట్టి, సబ్బు చేతికిచ్చి, పక్కన నిలబడితే స్నానం చేస్తాడు. అమ్మ లెక్కలో అది "చేసుకుంటాడు". డాక్టర్ లెక్కలో అది సాయంతో చేయడం. ఈ రెండిటికీ మధ్య బోలెడు శాతం పోతుంది.

అలాగని అబద్ధం చెప్పమనడం లేదు, వాడికి నటించడం నేర్పమనీ అనడం లేదు. అలా చేసినవాళ్ళని సైకాలజిస్టులు పది నిమిషాల్లో పట్టేస్తారు, నిజంగా ఉన్న లోపాన్ని కూడా అనుమానిస్తారు. నేను చెప్పేది ఇది. ఈ రోజు రాత్రి అమ్మా మీరూ కూర్చుని, పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాడికి ఎక్కడెక్కడ చెయ్యి అందిస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. గ్యాస్ దగ్గరికి వెళ్తే ఏం చేస్తాడు, ఒక్కణ్ణి ఇంట్లో వదిలి ఎంతసేపు బయటికెళ్ళగలరు, ఫిట్స్ నెలకి ఎన్నిసార్లు, వచ్చాక ఎంతసేపు మగతగా ఉంటాడు. ఆ కాగితం పట్టుకెళ్ళి చూసి చెప్పండి, అక్కడ కంగారులో గుర్తురాదు. లెక్క కూడా తెలుసుకుని వెళ్ళండి: కేంద్రం మార్గదర్శకాల ప్రకారం తేలికపాటి బుద్ధిమాంద్యానికి 50 శాతం, మధ్యస్థానికి 75, తీవ్రమైతే 90, అతి తీవ్రమైతే 100. అంటే తేలికపాటిదని రాసినా 40 దాటుతుంది. మీరు రాసిన లక్షణాలు చూస్తే పెన్షన్ పోయే కేసులా నాకు అనిపించడం లేదు.

ఆ రోజు పాత సదరం సర్టిఫికెట్, ఆధార్, నోటీసు, ఫిట్స్ మందుల చీటీలు పాతవీ కొత్తవీ, ఈఈజీ (ఫిట్స్ కోసం తలకి చేసే పరీక్ష) తీయించి ఉంటే ఆ రిపోర్టు, చిన్నప్పుడు ఏదైనా స్పెషల్ స్కూలుకి వెళ్ళుంటే దాని కాగితాలు, అన్నీ రెండేసి జిరాక్స్‌లు తీసి పెట్టుకోండి. ఒరిజినల్ ఎవరి చేతికీ వదిలేయొద్దు, చూపించి తీసుకోండి. వాడి మాత్రలు ఆ పూట మానిపించకండి, జబ్బు ఎక్కువగా కనిపిస్తే మంచిదని కొందరు చెడ్డ సలహాలు ఇస్తారు, ఫిట్స్ వస్తే అక్కడ మీ చేతుల్లో ఏమీ ఉండదు. టిఫిన్ పెట్టి, వాడికి ఇష్టమైన వస్తువేదో చేతికిచ్చి తీసుకెళ్ళండి. శాతం 40 కంటే తగ్గించి రాస్తే అక్కడ అరవడం దండగ. నోటీసులో గడువు ఉంటుంది, ఆ లోపల మున్సిపల్ కమిషనర్‌కి అప్పీలు పెట్టుకోండి, పల్లెల్లో అయితే మండల అభివృద్ధి అధికారి ఎంపీడీఓకి. రసీదు లేకుండా అర్జీ ఇచ్చి రావద్దు. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది.

కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంటికి పరిగెత్తకండి, అక్కడే నిలబడి చదవండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, శాతం ఎంత, శాశ్వతం అని ఉందా తాత్కాలికం అని ఉందా, తాత్కాలికమైతే ఏ తేదీ వరకు. ఈ ఆఖరిది ఎవరూ చూడరు. ఐదేళ్ళకిచ్చిన సర్టిఫికెట్‌ని శాశ్వతం అనుకుని బీరువాలో పెట్టుకుని, గడువు తీరాక నా షాపుకొచ్చి ఏడ్చినవాళ్ళు ఎంతమందో. యూడీఐడీ (కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు) కార్డు కూడా చేయించండి, 40 నుంచి 79 వరకు పసుపు గీత, 80 పైన నీలం గీత ఉంటుంది, రేపు రైలు రాయితీకో ఇంకోదానికో అదే అడుగుతారు.

కాగితాల గురించి మీకు నేను చెప్పాలా, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మీ నగర్‌లోకి వచ్చినప్పుడు మీరే చూసుంటారు. మా పెద్దమ్మ కూతురు మీ దగ్గర్లోనే ఉంటుంది, ఆ నెల పెన్షన్ ముందు రోజే ఇచ్చేశారు కాబట్టి డబ్బు దొరికింది గానీ, ట్రంకు పెట్టెలో ఉన్న సర్టిఫికెట్లు గుజ్జయిపోయాయి. లామినేషన్ చేసినవి కూడా అంచులు విడిపోయి లోపలికి నీళ్ళు పోయాయి. అప్పట్నుంచి షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఫోన్లో ఫోటో తీయించి, వాళ్ళ చుట్టాల్లో ఇంకొకరికి వాట్సాప్ చేయిస్తున్నాను. యూడీఐడీ కార్డుని డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో కూడా పెట్టుకోవచ్చు.

15,000 మాట. ఆ పక్క వీధి ఆయన్ని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వకండి. 15,000 ఇచ్చేది పక్షవాతం వచ్చో, కండరాల క్షీణతతోనో, ప్రమాదం వల్లో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి. మీ తమ్ముడు నడుస్తాడు, ఆ కోవలోకి రాడు, శాతం 90 వేసినా రాడు. 20,000 ఇచ్చి దొంగ కాగితం చేయిస్తే తర్వాతి తనిఖీలో 15,000తో పాటు ఉన్న 6,000 కూడా పోతుంది. కేసు ఆయన మీద పడదు, మీ తమ్ముడి పేరు మీద పడుతుంది.

మీరు అడగలేదు గానీ ఇంకో గొయ్యి ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పెన్షన్‌కి ఇంటివాళ్ళు అర్హులా కాదా చూసేది, ఆరంచెల పరిశీలన అంటారు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్ళు గానీ ఉండకూడదు, కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ పర్లేదు, పట్నంలో నెలాదాయం 12,000 లోపు, కరెంటు నెలకి సగటున 300 యూనిట్ల లోపు, సొంత కట్టడం ఉంటే 1,000 చదరపు అడుగుల లోపు, పొలం మాగాణి అయితే 3 ఎకరాల లోపు. ఇదంతా కంప్యూటరే చూస్తుంది, మనిషి చూడడు. దాంతో వచ్చే తమాషాలు చూడండి. మా దగ్గర ఒక ముసలాయన అద్దె ఇంట్లో ఉంటాడు, ఇంటి ఓనరు మీటర్లు మూడూ ఈయన ఆధార్‌కే ఎక్కించి ఉన్నాయి, మూడు పోర్షన్ల ఏసీ బిల్లు కలిపి ఈయన "ధనవంతుడు" అయిపోయాడు. కరెంటు ఆఫీసుకి వెళ్ళి ఆ మీటర్లు తనవి కావని కాగితం తెచ్చి, సచివాలయంలో ఇచ్చి తీయించుకునేసరికి నాలుగు నెలలు. మీరు ఇప్పుడే సచివాలయానికి వెళ్ళి మీ ఇంటి హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఒక కుటుంబంగా నమోదైన పేర్ల జాబితాలో) ఎవరెవరి పేర్లున్నాయో, మీ ఆధార్‌లకి ఏ మీటర్లు, ఏ బళ్ళు తగిలించి ఉన్నాయో చూపించమనండి. మీకు మంచి ఉద్యోగం వస్తే, పెళ్ళయి వేరు కాపురం పెడితే, మొదట చేయాల్సింది మ్యాపింగ్ నుంచి మీ పేరు విడదీయించుకోవడం. లేకపోతే మీ జీతం మీ తమ్ముడి ఆదాయంగా కనపడుతుంది.

ఇక అమ్మ తర్వాత ఎవరు అన్నారు. నాలుగింట్లో ఇదే పెద్దది, కానీ అందరూ ఆఖరున అడుగుతారు.

వాడికి 18 నిండిపోయాయి. చట్టం దృష్టిలో ఇప్పుడు అమ్మ కూడా వాడికి గార్డియన్ కాదు. చాలా ఇళ్ళలో ఈ మాట వినగానే నవ్వుతారు, కన్నతల్లి గార్డియన్ కాకపోవడమేంటని. బ్యాంకుకి వెళ్ళి వాడి పేరున ఖాతా తెరవమని అడిగితే అప్పుడు తెలుస్తుంది, సంతకం చేయలేడు, తల్లి సంతకం చెల్లదంటారు. దీనికి దారి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్ళకి 18 దాటాక గార్డియన్‌ని నియమించడానికి జిల్లాకో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది, కలెక్టరే అధ్యక్షుడు. కోర్టుకి వెళ్ళనక్కర్లేదు, లాయరూ అక్కర్లేదు. దివ్యాంగుల సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో దరఖాస్తు అడగండి. ఆ సర్టిఫికెట్ ఉంటే బ్యాంకులు ఖాతా తెరవాలి. గార్డియన్ అయినవాళ్ళు ఆరు నెలల్లో వాడి ఆస్తుల జాబితా, ఏటా డబ్బు లెక్క కమిటీకి ఇవ్వాలి.

ఎవరి పేరు పెట్టాలి? అమ్మ పేరు పెడితే పదేళ్ళకి మళ్ళీ తిరగాలి. అమ్మ ఒప్పుకుంటే, ముఖ్యంగా మీరు ఒప్పుకుంటే, మీ పేరు పెట్టండి. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని రాశారు కదా, అవతలివాళ్ళకి ఈ విషయం ముందే చెప్పండి. దాచిపెట్టి చేసిన పెళ్ళిళ్ళలో ఈ 6,000 దగ్గరే మొదటి గొడవ వస్తుంది, నేను చూశాను. అదే చట్టం కింద నిరామయ అని ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష వరకు, డాక్టర్ ఫీజులూ థెరపీలూ కూడా వస్తాయి. ఎలాగూ ఆ ఆఫీసుకి వెళ్తారు కాబట్టి అదీ అడగండి.

డబ్బు ఇంటికొచ్చాక సంగతి. అమ్మ ఆ 6,000తో డ్వాక్రా కిస్తీ కడుతోందని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగాను. తప్పు పట్టడం లేదు. ఆవిడ వాడి కోసమే ఏ పనికీ వెళ్ళలేక ఇంట్లో ఉంటోంది, కిస్తీ కట్టకపోతే గ్రూపు వాళ్ళు గుమ్మం ముందుంటారు. కానీ అది వాడి డబ్బు. గార్డియన్ కాగితం వచ్చాక లెక్క చూపించాల్సింది కూడా వాడి డబ్బుగానే. ఒక నోటుబుక్ పెట్టండి, ఎడమవైపు వచ్చింది, కుడివైపు మాత్రలు, డైపర్లు, బట్టలు, ఆటో ఛార్జీలు, వాడి వంతు తిండి. కిస్తీకి వాడితే "అమ్మకి అప్పు" అని రాయండి. తీర్చినా తీర్చకపోయినా రాయండి. మా అన్నయ్య మొదట్లో నా పెన్షన్ తీసుకుని ఇంట్లో కలిపేసేవాడు, మంచోడే, నన్ను బాగానే చూశాడు, కానీ క్యాలిపర్ పట్టీ తెగితే కొత్తదానికి వాళ్ళావిడ మొహం చూడాల్సొచ్చేది. నా డబ్బుకి నేను చెయ్యి చాచడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మీ తమ్ముడికి ఆ మాట చెప్పడం రాదు, తేడా అంతే.

ఫిట్స్ మాత్రలు బయట కొంటుంటే జన ఔషధి షాపులో అదే మందు ఉందేమో అడగండి, డాక్టర్‌కి చెప్పకుండా కంపెనీ మాత్రం మార్చకండి, ఫిట్స్ మందుల్లో అది మంచిది కాదు. వీలైతే నెలకి 1,000 పోస్టాఫీసులో వాడి పేరు మీద ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి, ఐదేళ్ళకి 60,000 అసలు, వడ్డీ వేరే. 500 అయినా పర్లేదు, 100 నుంచి కట్టనిస్తారు. వీధి చీటీలో మాత్రం వేయొద్దు. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా అడగండి. 2024 ఎన్నికలప్పుడు మే నెల పెన్షన్ బ్యాంకుల్లో వేశారు గుర్తుందా, మా షాపు ముందు ఎంతమంది మొత్తుకున్నారో, ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో పడి, పాత పెనాల్టీల కింద బ్యాంకు కోసేసుకుంది. ఏటీఎం కార్డు తీసుకుంటే పిన్ కవరు మీద రాసి కార్డుతో పాటే పెట్టకండి, ఇది కూడా చెప్పాలా అనుకోకండి, నా షాపులో వారానికొకటి చూస్తుంటాను.

కాబట్టి రేపు పొద్దున ఆధార్ సెంటర్, అటు నుంచి అటే సచివాలయం. ఈ రాత్రికి ఆ కాగితం రాయడం మొదలుపెట్టండి. అలాగే తమ్ముడి పాత సదరం సర్టిఫికెట్ తీసి, శాతం ఎంతుందో, శాశ్వతమో తాత్కాలికమో, తేదీ ఏంటో మాత్రం ఇక్కడ రాయండి. సర్టిఫికెట్ ఫోటో, ఆధార్ నంబరు ఇక్కడ పెట్టొద్దు. అది చూశాక ఆసుపత్రిలో ఏం అడగాలో చెప్తాను.